బంగారు కుర్చీలో షిహాతా ఊరేగింపు

అస్వాన్
9 జనవరి 2008

తమ్ముడు షిహాతాకి అక్క ఇన్సాఫ్ సలాములు.

ఒంట్లో ఎలా ఉందని అడగను. అడిగితే "అల్లా దయ, గుర్రంలా ఉన్నాను" అంటావు. ఆ గుర్రం ఏడు నెలలుగా నాలుగో అంతస్తు దిగలేదని నాకు తెలిసింది. రెండో అంతస్తులో కాపురముంటున్న నీ కూతురు నగ్లానే చెప్పింది. దాని మీద మండిపడకు. అది తనంతట తాను చెప్పలేదు, నేనే గుచ్చి గుచ్చి పీకించాను. ఫోన్లో నాకు సగమే వినపడుతుంది కదా, ఆ సగంలోనే నీ బండారమంతా పడింది. "అత్తా, నాన్న బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతాడు. రొట్టెలూ మందులూ అందులోనే పైకి పోతాయి. మంగలిని కూడా పైకే పిలిపిస్తున్నాడు" అంది. మంగలిని కూడా బుట్టలోనే లాగుతున్నావా?

దుమ్యాత్ మొత్తంలో సోఫాల మీద నీలా గులాబీలు చెక్కినవాడు లేడు. అందరూ ఉస్తా అని పిలిచే అంత పెద్ద మేస్త్రీవి గూట్లో పావురంలా ముడుచుకు కూర్చున్నావు. నలభై ఏళ్లు చెక్కపొట్టు పీల్చావు, దాని మీద సిగరెట్లు తాగావు, ఊపిరితిత్తులు మొరాయించాయి. సరే. మొరాయించింది ఊపిరితిత్తులేగా? కాళ్లకేం రోగం?

ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు దగ్గుతూ ఉంటావు, నేను "ఏమిటీ? ఏమిటీ?" అంటూ ఉంటాను, చివరికి ఇద్దరం ఏడుస్తూ పెట్టేస్తాం. ఉత్తరం రాయి. కాగితం దగ్గదు.

పార్శిల్లో ఖర్జూరాలు, మందార పూల టీ పంపుతున్నాను. గాజు సీసాలో ఉన్నది అన్నిటికన్నా ముఖ్యం. రోజూ పొద్దున్నే వాడు.

నీ మీద కోపంగా ఉన్న
అక్క


దుమ్యాత్
20 జనవరి

అబ్లా ఇన్సాఫ్‌కి,

ముందుగా నీ చేతులకి ముద్దులు. పార్శిల్ అందింది. సీసాలో నెయ్యి చాలా బాగుంది. నువ్వు చెప్పినట్టే రోజూ పొద్దున్నే రెండు గుడ్లు అందులో వేయించుకుంటున్నాను. మంగలికీ పెట్టాను, నగ్లా అత్తగారికీ పెట్టాను. తిన్నాక ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎందుకో ఒంటె గుర్తొస్తోంది" అంది. ముసలావిడ కదా, ఏవేవో గుర్తొస్తుంటాయి.

ఇక మెట్ల సంగతి. నగ్లా సగమే చెప్పింది, మిగతాది నేను చెబుతాను. పోయిన జూన్‌లో రొట్టెలు కొనుక్కుని పైకి వస్తున్నాను. మూడో అంతస్తు మలుపు దగ్గర ఊపిరి అందలేదు. ఎవరో మెడ చుట్టూ తువ్వాలు బిగించినట్టయింది. కూలబడ్డాను. బిల్డింగంతా చేరింది. ఒకావిడ పళ్లెంతో విసిరింది. ఒకాయన ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు కింద పెట్టాడు. కింద రొట్టెల కొట్టు అవద్ అయితే నా తల దగ్గర కూర్చుని, చనిపోయేవాళ్ల చెవిలో చదివేది మొదలుపెట్టాడు. "నేనింకా ఉన్నానయ్యా" అందామంటే ఊపిరి లేదు. చావుకన్నా ఆ చుట్టూ ఉన్న మొహాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి అబ్లా. మర్నాటి నుంచి తలుపు తీసి మెట్లు చూస్తే చాలు, ఇంకా కాలు పెట్టకముందే ఒగర్పు మొదలవుతుంది.

ఛాతీ డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు. "ఊపిరితిత్తులు పోయినేడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి ఉస్తా. ఊపిరాడకపోతే భయం వేస్తుంది, భయం వేస్తే ఊపిరి ఇంకా ఆడదు. మొదటిదానికి నా దగ్గర మందుంది. రెండోదానికి దక్తోరా షహీరా దగ్గరికి వెళ్లండి" అన్నాడు. ఎవరావిడ అంటే, మనసు డాక్టరట!

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు దమ్ము లేదుగానీ పిచ్చి లేదు" అన్నాను. ఆయన నవ్వి, "పిచ్చివాళ్లని ఆవిడ చూడదు, మీలాంటి ఆయాసంవాళ్లనే చూస్తుంది" అని చీటీ రాసిచ్చి పోయాడు. నగ్లా ఏడ్చింది. దాని ఏడుపుకి తట్టుకోలేక ఒప్పుకున్నాను. వచ్చే మంగళవారం వెళ్లాలి. మెట్లంటే భయమని వైద్యానికి వెళ్లాలి, వెళ్లడానికి మెట్లు దిగాలి. ఈ చిక్కు ఎలా విప్పుతానో అల్లాకే తెలియాలి.

ఎవరితోనూ అనకు. వీధిలో పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాను.

నీ తమ్ముడు
షిహాతా


అస్వాన్
2 ఫిబ్రవరి

ఒరేయ్ షిహాతా,

అది నెయ్యి కాదు! ఒంటె మూపురం కొవ్వు! ఛాతీకి రాసుకోమని పంపాను. సీసా మీద నీలం సిరాతో రాశాను, చెమటకి చెరిగిపోయుంటుంది. నగ్లా అత్తగారి నాలుకే మీ అందరిలోకీ తెలివైనది. కడుపులో ఎలా ఉందో వెంటనే రాయి. మంగలి బతికున్నాడా?

అసలు కోపం అది కాదు. నిన్న మన చుట్టం తఫీదా ఫోన్ చేసింది. నీ ఎదుటి వీధిలోనే ఉంటుంది కదా, దాని కళ్లు నీ గుమ్మం మీదే ఉంటాయి. అది ఏం చెప్పిందో విను. మంగళవారం నువ్వు సూటు వేసుకుని, బంగారు రంగు కుర్చీలో కూర్చుని, నలుగురు మోస్తుంటే వీధిలో ఊరేగావట! బాల్కనీల్లోంచి ఆడవాళ్లు పెళ్లికి కూసినట్టు కూతలు పెట్టారట! నువ్వు చెయ్యి ఊపావట!

ఎవర్రా ఆవిడ? మా మరదలు పోయి మూడేళ్లు. నువ్వు మళ్లీ చేసుకుంటే నేను కాదంటానా? కానీ ముందు నాకు చూపించొద్దా? పళ్ల డాక్టరని నువ్వే రాశావు. ఈ వయసులో మగవాడు పళ్లు బాగుచేయించుకుంటున్నాడంటే ఎందుకో నాకు తెలియదా?

ఇక్కడ ఎండ అప్పుడే మొదలైంది. శుక్రవారం బజారుకి వెళ్లలేదు, ఒంట్లో బడలిక. పక్కింటి సకీనా కూరలు తెచ్చిపెట్టింది.

ఏ విషయమూ దాచకుండా రాయి.

ఇన్సాఫ్


దుమ్యాత్
12 ఫిబ్రవరి

అబ్లా,

మంగలి బతికే ఉన్నాడు. పైగా ఇంకో సీసా తెప్పించమంటున్నాడు.

పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. జరిగింది చెబుతాను విను. నేను మెట్లు దిగలేనని నగ్లా వర్క్‌షాపుకి కబురు పెట్టింది. మా కుర్రాళ్లు నలుగురు వచ్చారు. మామూలు కుర్చీలకి పట్టు దొరకదని, బరువు మోసేది అదొక్కటేనని, ఎవరో పెళ్లివాళ్లకోసం నేనే చెక్కిన పెద్ద కుర్చీ తీసుకొచ్చారు. బంగారు పూత, ఎర్ర మఖమలు, వీపు మీద నెమళ్లు. సూటు ఎందుకంటే, డాక్టరమ్మ ముందు ఇంట్లో వేసుకునే పొడుగు చొక్కాలో కూర్చుంటే పిచ్చివాడనుకుంటుందని. మొదటి అంతస్తు దాకా కళ్లు మూసుకున్నాను. వీధిలోకి రాగానే ఒకావిడ పొరపాటున కూత పెట్టింది. అది విని మిగతావాళ్లూ అందుకున్నారు. చెయ్యి ఊపకపోతే మర్యాదగా ఉండదని ఊపాను.

దక్తోరా షహీరా చిన్న పిల్ల, నీ కొడుకు ముర్తదా వయసుంటుంది. నన్ను గదిలోకి పిలిచి మందుబిళ్లలిస్తుందనుకున్నాను. తీరా చూస్తే గుండ్రంగా కుర్చీలు వేసి, మాలాంటివాళ్లని ఏడుగురిని కూర్చోబెట్టింది. నా పక్కన హాజ్ మితవల్లీ. చేపల పడవ నడిపినవాడు. తుఫానులో రెండు రోజులు సముద్రంలో కొట్టుకుపోయి బతికొచ్చాడట. ఇప్పుడు లిఫ్టు ఎక్కాలంటే ఏడుస్తాడు. ఆయన చెప్పగానే నాకు నవ్వొచ్చింది, తర్వాత కళ్లల్లో నీళ్లొచ్చాయి. మెట్లంటే భయపడే మగవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇంకో వైపు అబ్లా బహీగా. ఆడపిల్లల బడికి హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయింది. ఆవిడ దగ్గితే అందరం నిటారుగా కూర్చుంటాం.

డాక్టరమ్మ నేర్పింది చాలా మామూలుది. వేడి టీ ఊదినట్టు పెదాలు ముడిచి మెల్లగా ఊదాలి. ముందుకి వంగి మోచేతులు తొడల మీద పెట్టుకోవాలి. "ఇది దాటిపోతుంది, ఇంతకుముందూ దాటిపోయింది" అని మనసులో అనుకోవాలి. చివర్లో అందరం కలిసి పాట పాడాలి, ఊపిరి పొడుగవడానికి. మేం పాడుతుంటే వీధిలో కుక్కలు లేచి పారిపోయాయి.

ప్రతి మంగళవారం అదే కుర్చీలో వెళ్లి రావాలి. ఇక ఇంటి దగ్గర నా పని: రోజూ తలుపు తీసి మెట్ల మీద కూర్చోవడం. అంతే. దిగక్కర్లేదు. భయం వచ్చి, చూసి, పోయేదాకా కూర్చోవాలి. మర్నాడు ఇంకో మెట్టు కిందికి. ఇప్పుడు మూడో అంతస్తు మలుపులో కూర్చుంటున్నాను, టీ గ్లాసుతో సహా.

నీ బడలిక తగ్గిందా?

షిహాతా


అస్వాన్
24 ఫిబ్రవరి

షిహాతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అక్కడే ఆగాను. "అబ్లా బహీగా"! చిన్నప్పుడు నీకు ముక్కు తుడిచింది ఎవరు? నాన్న కొట్టబోతే మంచం కింద దాచింది ఎవరు? అబ్లా అంటే అక్క, నీకు ఆ అక్కని నేనొక్కదాన్నే. టీచరమ్మలని కూడా అలా అంటారని నాకు చెప్పకు, నాకు తెలుసు. బడిలో చదివేవాళ్లు అంటారు. నువ్వు ఆవిడ బడిలో చదివావా? అది ఆడపిల్లల బడి!

రెండోది. ఇల్లు ఉండగా మెట్ల మీద ఎందుకు కూర్చుంటున్నావు? ఏ డాక్టరు చెబుతుంది అలా? నాకు అర్థమైందిలే. నగ్లా నిన్ను బయటికి గెంటేసింది. నువ్వు పరువు కోసం డాక్టరమ్మ మీదికి తోస్తున్నావు. ఇల్లు తన పేర రాయించుకోవాలని చూస్తోందేమో. దానికి నేను వేరే ఉత్తరం రాశాను. ఘాటుగానే రాశాను. చదివాక ఇక నిన్ను ముట్టుకోదు.

నా సంగతి అడిగావు. నాకేం? మేడ మీద నా బాతులు గుడ్లు బాగా పెడుతున్నాయట. సకీనా చెప్పింది. మేడ మీదికి అదే వెళ్తోంది, నాకు ఎండ పడదు. నా కొడుకు ముర్తదా పడవ మీదే ఉంటున్నాడు, యాత్రికులు ఎక్కువట, నెలకోసారి వస్తున్నాడు. పడుకుంటే గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటోంది, అందుకని మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే కునుకు తీస్తున్నాను. రొట్టెల పొయ్యి పొగ, అంతే. ఈ ఊళ్లో దగ్గని ఆడది ఎవరు?

అక్క (నీకున్న ఒకే ఒక్క అక్క)


దుమ్యాత్
8 మార్చి

అబ్లా ఇన్సాఫ్,

నీ ఉత్తరం చదివి నగ్లా అన్నం మానేసింది. "నేను నాన్నని గెంటానా? రోజూ టీ పట్టుకెళ్లి మెట్ల మీద ఇస్తుంటే!" అని ఒకటే ఏడుపు. ఇక నీ ఫోన్ ఎత్తనంటోంది. నువ్వు దానికి క్షమాపణ చెప్పాలి. నేనే చెప్పించాలనుకున్నాను గానీ నీతో అది నావల్ల కాదు.

మెట్ల మీద నా బతుకు ఎలా ఉందో చెబితే నవ్వుతావు. వచ్చేపోయేవాళ్లంతా నన్ను దాటుకుంటూ పోవాలి కదా. మొదటి రోజు, "ఏం ఉస్తా, తాళం పోయిందా?" అన్నారు. రెండో వారానికి పక్కనే కూర్చోవడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు కోడలు అత్త మీద చెబుతుంది, ఆవిడ దిగాక అత్త వచ్చి కోడలి మీద చెబుతుంది. నేను దక్తోరా షహీరాలా తలూపి, "అప్పుడు మీకేమనిపించింది?" అంటాను. ఈ ఒక్క ప్రశ్నకి మనుషులు అరగంట మాట్లాడతారు అబ్లా! నాకు మాట్లాడే పనే లేదు, ఊపిరి మిగులుతోంది.

మొన్న రొట్టెల అవద్ వచ్చి, "ఏ పన్ను ఉస్తా? నాకూ ఒకటి నొప్పిగా ఉంది, నీ డాక్టరు పేరు చెప్పు" అన్నాడు. ఇక దాచలేక, "పన్ను కాదురా, భయం. మనసు డాక్టరు దగ్గరికి పోతున్నాను" అనేశాను. పక్కున నవ్వుతాడనుకున్నాను. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత, "ఆ రోజు నువ్వు పడిపోయినప్పుడు నేను నీకన్నా ఎక్కువ భయపడ్డాను. అందుకే చదివాను. వేరేది ఏం చెయ్యాలో నాకు తోచలేదు" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. టీ మాత్రం నాదే.

మంచి వార్త: నిన్న నా కాళ్లతో నేను నేల దాకా దిగాను! మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నాను. అయినా దిగాను. అది విని బహీగా, "దీనికి పండగ చెయ్యాల్సిందే" అంది. ఏప్రిల్ మొదటి గురువారం సాయంత్రం వాళ్లింట్లో విందు. ముషబ్బక్ మిఠాయి రెండు పళ్లేలు చెప్పింది. నేను కొత్త సూటు కుట్టించుకుంటున్నాను, పాతది కుర్చీ ఊరేగింపులో చిరిగింది.

చివరగా ఒక మాట. నవ్వులాటకి కాదు. బజారుకి వెళ్లడం మానేశావు. మేడ ఎక్కడం మానేశావు. కూర్చుని నిద్రపోతున్నావు. ఇవన్నీ మొదట్లో నేను చెప్పిన కబుర్లే. "ఎండ పడదు" అనేదానికి బదులు నేను "పని ఉంది" అనేవాణ్ణి, అంతే తేడా. నిజం రాయి. నీకు ఊపిరి ఆడట్లేదా?

షిహాతా


అస్వాన్
17 మార్చి

షిహాతాకి,

నాకు ఏ రోగమూ లేదు. నలభై ఏళ్లుగా మట్టి పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాల్చినదాన్ని, ఆ మాత్రం దగ్గకపోతే పొయ్యికే అవమానం. నీకు డాక్టరమ్మ దొరికిందని ఊరందరికీ రోగాలు అంటించకు.

మాట మార్చడం నాకూ తెలుసు, నువ్వు మార్చింది కూడా తెలుసు. గురువారం సాయంత్రం. ఆవిడ ఇంట్లో. మిఠాయి పళ్లేలు. కొత్త సూటు. పైగా ఈసారి "అబ్లా" కూడా పోయింది, ఉత్త "బహీగా" అయింది. గురువారం రాత్రి ఈ దేశంలో జరిగేవి పెళ్లిళ్లేనని పసిపిల్లని అడిగినా చెబుతుంది.

ఇక ఉత్తరాలు రాయను. ఏం చెయ్యాలో నాకు తెలుసు.

ఇన్సాఫ్


దుమ్యాత్
4 ఏప్రిల్, శుక్రవారం

ఇన్సాఫ్ ఇంట్లో ఉన్న షిహాతాకి,

నీ ఇంట్లో, నీ బల్ల మీద, నీ పెన్నుతో రాస్తున్నాను. నా ఇంటి చిరునామాకి నేనే ఉత్తరం రాసుకునే గతి పట్టించావు. నువ్వు అక్కడ ఏం చేస్తున్నావురా?

మంగళవారం రైలెక్కాను, ఎవరికీ చెప్పకుండా. పెళ్లి ఆపాలని కాదు, పెళ్లికూతుర్ని ఒకసారి చూడాలని. సరే, ఆపాలనే. బుధవారం మీ బిల్డింగ్ చేరాను. నాలుగు అంతస్తులూ ఒక్క ఊపున ఎక్కి తలుపు బాదాలని ప్లాను. మూడో అంతస్తు మలుపు దగ్గర కళ్లు తిరిగాయి. ఏ మలుపో నీకు చెప్పక్కర్లేదు. కూలబడ్డాను. నీ తువ్వాలు నా మెడ చుట్టూ బిగిసింది.

ఎవరూ ఉల్లిపాయ పట్టలేదు. మూడో అంతస్తు కోడలు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "ముందుకి వంగండి అత్తా. టీ ఊదినట్టు ఊదండి. తొందర లేదు, ఇది దాటిపోతుంది" అంది. వాళ్లత్త వచ్చి అటు పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి ఊదారు. రొట్టెల అవద్ కింద నుంచి, "ఎవరూ మీదికి ఎగబడకండి, గాలి రానివ్వండి!" అని అరిచి, తను మాత్రం ఎగబడ్డాడు. ఒరేయ్, ఈ బిల్డింగ్‌లో అందరికీ నేర్పేశావు!

నగ్లా వచ్చింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. తర్వాత ఏడ్చింది, తర్వాత నన్ను పట్టుకుని పైకి తీసుకెళ్లింది. ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను. సరిగ్గా వినపడలేదని ఇంకోసారి చెప్పించుకుంది.

"మీ నాన్నేడి?" అన్నాను. "నిన్ననే అస్వాన్ రైలెక్కాడు. 'అక్కకి ఊపిరాడట్లేదు, పైగా అబద్ధం రాస్తోంది, వెళ్లి చూడాలి' అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. గురువారం విందు కూడా వదులుకున్నాడు" అంది. అంటే కైరోలో నా రైలూ నీ రైలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. నువ్వు ఒక కిటికీలో టీ ఊదుతూ, నేను ఒక కిటికీలో నిన్ను తిడుతూ.

బహీగా సాయంత్రమే వచ్చింది, నన్ను చూడ్డానికి. నేను లేచి, "అమ్మా, మా తమ్ముణ్ణి వదిలెయ్" అన్నాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎంత నవ్విందంటే దగ్గు తెర వచ్చి గోడ పట్టుకుంది. ఆవిణ్ణి చూసి నాకూ నవ్వొచ్చి నేనూ ఇంకో గోడ పట్టుకున్నాను. మధ్యలో నగ్లా ఎవరికి నీళ్లివ్వాలో తెలియక నిలబడింది. తేరుకున్నాక బహీగా, "సిత్త్ ఇన్సాఫ్, ఇద్దరు మొగుళ్లని సాగనంపాను. మూడోవాణ్ణి చేసుకుంటే గట్టి ఊపిరితిత్తులవాణ్ణే చేసుకుంటాను. నా దగ్గుని మించి వాడి గురకైనా వినపడాలి కదా" అంది. నాకు నచ్చింది. చేసుకుంటే చేసుకో.

నిన్న విందు నువ్వు లేకుండానే జరిగింది. నీ బదులు నన్ను కూర్చోబెట్టారు. నీ వాటా మిఠాయి నేనే తిన్నాను.

నువ్వు వెంటనే బయల్దేరి రా.

ఇన్సాఫ్


అస్వాన్
11 ఏప్రిల్

షిహాతా ఇంట్లో ఉన్న అబ్లా ఇన్సాఫ్‌కి,

నేను రాను.

రైల్లో నా పాట్లు ముందు విను. బండి కదలగానే గుండె జారింది. మెట్లంటే దిగి కూర్చోవచ్చు, రైలు మధ్యలో ఎక్కడ దిగుతాం? పెదాలు ముడిచి ఊదడం మొదలుపెట్టాను. ఎదుటాయన తన టీ గ్లాసు చూసుకున్నాడు. "నాది వేడిగా లేదే, ఎందుకు ఊదుతున్నారు?" అన్నాడు. చెప్పాను. వాళ్లమ్మకీ ఇదే జబ్బట. అసియూత్ వచ్చేసరికి పెట్టెలో సగంమంది ఊదుతున్నారు. టికెట్టు అడగడానికి వచ్చినాయన తలుపు దగ్గరే ఆగిపోయాడు.

నీ ఇల్లు చూశాను. సకీనా తాళం ఇచ్చింది. నీ మంచం పై గదిలోంచి కింద వాకిట్లోకి వచ్చింది. మేడ మెట్ల మీద మలుపు మలుపుకీ ఒక పీట పెట్టి ఉంది. పై పీట మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే వేలితో పేరు రాసుకోవచ్చు. చాలా కాలంగా నువ్వు అంత దాకా వెళ్లలేదు. సకీనా నోరు విప్పింది. "రెండేళ్లుగా ఇంతే. ముర్తదా వచ్చే రోజు మాత్రం పౌడరు రాసుకుని నిలబడుతుంది. వాడు పోగానే కూలబడుతుంది. చెబితే నా గొంతు పిసుకుతానంది" అని ఏడ్చింది. ఆ పీట మీద కూర్చుని నేనూ ఏడ్చాను. ఏడిస్తే ఊపిరి పోతుందని డాక్టరమ్మ చెప్పింది నిజమే, తర్వాత చాలాసేపు ఊదాల్సొచ్చింది.

ఉత్తరాల్లో నన్ను గుర్రం, పావురం అన్నీ అన్నావు. నీ సంగతి ఒక్క ముక్క రాశావా?

సరే. నీ బాతులకి మేత నేనే వేస్తున్నాను. రోజూ మేడ ఎక్కుతున్నాను, పీట పీటకీ కూర్చుంటూ. వాటికి మన వదినల పేర్లు పెట్టావని సకీనా చెప్పింది. పెద్ద వదిన నా కాలి మడమ పొడిచింది, అచ్చం ఆవిడలాగే.

ఇప్పుడు విను. మంగళవారం నా బదులు దక్తోరా షహీరా దగ్గరికి వెళ్లు. ముందు ఛాతీ డాక్టరుకి చూపించుకో. నగ్లాకి ఫోన్లో అన్నీ చెప్పాను. నువ్వు వెళ్లావని అది చెప్పేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. వెళ్లకపోతే వచ్చే శుక్రవారం పెద్ద వదినని ఉల్లిపాయలతో కూరి పొయ్యిలో పెడతాను. ఆ తర్వాత చిన్న వదిన. నాతో పరాచికాలు వద్దు.

నీ తమ్ముడు, బాతుల కాపరి
షిహాతా


దుమ్యాత్
23 ఏప్రిల్

తమ్ముడూ,

పెద్ద వదిన మీద చెయ్యి వేయకు. వెళ్లాను.

ముందు ఛాతీ డాక్టరు. ఒక గొట్టంలో ఊదమన్నాడు. ఊదాను. కాగితం చూసి, "ఇన్నాళ్లూ ఎలా తిరుగుతున్నారమ్మా?" అన్నాడు. "తిరగలేదుగా, అదే కదా బాధ" అన్నాను. పొయ్యి పొగ వల్లేనట. పీల్చే మందు రాసిచ్చాడు. మునుపటిలా కాదుగానీ, ఇప్పటికంటే నయంగా ఉంటుందన్నాడు. మట్టి పొయ్యి మాత్రం మానాలట. దాని గురించి ఇంకా పోట్లాడుతున్నాను.

తర్వాత మీ గుంపు. గదిలోకి వెళ్లగానే కుర్చీలు సరిగ్గా వేయలేదని అందరినీ లేపి మళ్లీ వేయించాను. హాజ్ మితవల్లీ చొక్కా బొత్తం ఊడింది, అది కుట్టించుకోమన్నాను. బహీగా ఇదంతా చూసి, "నాకు ఇన్నేళ్లకి ఒక హెడ్‌మాస్టరు దొరికింది" అంది. డాక్టరమ్మ నన్ను ఆపలేదు. అన్నీ అయ్యాక మెల్లగా, "సిత్త్ ఇన్సాఫ్, మీకు దేనికి భయం?" అంది.

దేనికీ లేదన్నాను. నీకు తెలుసుగా, వాళ్లకి తొందర లేదు, ఊపిరి తీసుకుంటూ కూర్చుంటారు. వాళ్లని చూస్తుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంది. "చచ్చిపోతానని భయం లేదు. నావల్ల కావట్లేదని తెలిస్తే అందరూ నా చేతిలోంచి పనులన్నీ తీసేసుకుంటారు. రొట్టెలు ఒకరు చేస్తారు, బాతుల్ని ఒకరు చూస్తారు. చివరికి తిట్టడానికి కూడా దమ్ము ఉండదు. నేను తిట్టకపోతే నా తమ్ముడూ నా కొడుకూ నన్నెలా గుర్తుపడతారు?" అన్నాను.

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మితవల్లీ ముక్కు చీదుకున్నాడు. డాక్టరమ్మ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టున్నాను. "ఉత్తరాల్లో తిట్టడానికి ఊపిరి అక్కర్లేదు కదమ్మా. ఉస్తా షిహాతా మీ ఉత్తరాలు జేబులో పెట్టుకుని వచ్చేవారు. భయం వేసినప్పుడు అవి తీసి చదువుకుంటానని చెప్పారు" అంది.

నాకు చెప్పలేదేం, వెధవా?

నిన్న రెండోసారి వెళ్లాను. పాట కూడా పాడాను. నాకు సగమే వినపడుతుంది కాబట్టి నాకు బాగానే అనిపించింది. ఇవాళ ముర్తదాకి ఫోన్ చేసి నిజం చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. లైను కట్టయిందేమోనని "ఏమిటీ? ఏమిటీ?" అన్నాను. ఏడుస్తున్నాడట. సెలవు పెట్టి వస్తానన్నాడు.

నేను మే మూడున, శనివారం, ఇంటికి బయల్దేరుతున్నాను. నగ్లా కైరో దాకా తోడొస్తుంది. కొన్నాళ్లు ఇద్దరం అక్కడే ఉందాం. అక్కడి పొడి గాలి నీకు పడిందని సకీనా చెప్పింది. డాక్టరమ్మ నేర్పినవి నాకు సగమే గుర్తున్నాయి, మిగతా సగం నీకు గుర్తుంటాయి. మన వీధిలో పొయ్యి ముందు దగ్గే ఆడవాళ్లు అరడజనుమంది ఉన్నారు. వాళ్లని వాకిట్లో గుండ్రంగా కూర్చోబెడదాం. "అప్పుడు మీకేమనిపించింది?" అని నువ్వు అడుగు. కుర్చీలు నేను వేయిస్తాను.

ఈసారి మాత్రం ఇంట్లోంచి కదలకు. ఎదురొస్తానని బయల్దేరావంటే మళ్లీ నువ్వు దుమ్యాత్‌లో తేలతావు. స్టేషన్‌కి కూడా రావొద్దు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరం ఎదురెదురుగా ఒగరుస్తూ నిలబడితే ముందు ఎవరు ఎవర్ని తిట్టాలో తేలదు. వాకిట్లో కూర్చో. నేనే వస్తాను. నీ ఎదురుగా కూర్చుంటాను, మెల్లగా ఊదుతాను, ఊపిరి చిక్కనిస్తాను. ఎంతసేపైనా సరే నువ్వు ఆగాలి.

ఆ తర్వాత తిడతాను.

నీ అబ్లా
ఇన్సాఫ్